పంటికి పట్టిన జిగురు

మొన్న నల్గొండలో దవడ పన్ను పీకించుకున్నాను. పీకిన డాక్టరమ్మ చిన్నపిల్ల, నిన్నగాక మొన్న చదువు ముగించి బోర్డు పెట్టుకున్నట్టుంది. నా నోటి నిండా దూది కుక్కి, ఇక ఈయన ఎదురు మాట్లాడలేడని నమ్మకం కుదిరాక పాఠం మొదలుపెట్టింది.

"పేస్టుకు నురగ ఎందుకొస్తదో తెలుసా అంకుల్? అందుల సబ్బులాంటి మందు కలుపుతరు. క్రిముల ఒంటి చుట్టూ పల్చగ కొవ్వు పొర ఉంటది. ఈ మందు దాన్ని చీల్చి సంపుతది. పుక్కిలించే మందుల గూడ అసుంటిదే ఇంకోటి ఉంటది. కాకపోతే ఎంతుండాల్నో అంతనే ఉండాలె. ఎక్కువైతే మన నోటి తోలును గూడ గదే చీలుస్తది."

ఇందులో మొదటి సగం మా పెద్దమ్మ ఏనాడో చెప్పింది తల్లీ అని చెప్పాలనుకున్నాను. రెండో సగం ఆమెకు చెప్పినవాళ్ళెవరూ లేరు. నోట్లో దూది ఉండటం ఒకందుకు మంచిదే అయింది. మాట్లాడితే ఆ పిల్ల ముందు ఏడ్చేవాణ్ణేమో.

బుగ్గ వాచిపోయి కోర్టు ఎదురుగా ఉన్న నా జిరాక్స్ షాపులో కూర్చున్నాను. ఆ రోజు నేను ఎవరితోనూ తగాదా పడలేదని గిరాకీ జనం సంతోషించారు. నాకు మాత్రం పొద్దంతా పెద్దమ్మే గుర్తుకొచ్చింది. పెద్దమ్మంటే మా అమ్మకు సొంత అక్క. పోయిన వానాకాలంలో పోయింది.

ఆమె మనుషుల ముఖాలు చూసేది కాదు, నోళ్ళు చూసేది. నార్కట్‌పల్లి అవతల నేతపని చేసే మా సాలోళ్ళ వాడలో ఎవరి పేరైనా మరిచిపోతే "గా పక్కపన్ను మీద పన్నున్నాయన", "చిగుర్లు నల్లగున్నామె" అని గుర్తు చెప్పేది. పెళ్ళిచూపులకు పిలిస్తే పిల్లను నవ్వించి, పళ్ళు చూసి వచ్చేది. మా జిల్లా ఫ్లోరైడు నీళ్ళ సంగతి తెలిసిందే కదా, పళ్ళన్నీ పచ్చచారలే. దాన్ని ఆమె తప్పు పట్టేది కాదు. "రంగు నీళ్ళది. జిగురు మనది" అనేది.

ఆ జిగురు సంగతి చెప్పాలి, లేకపోతే పెద్దమ్మ అర్థం కాదు.

వాడలో ముడిపట్టు ఉడకబెట్టే పని ఆమెది. ముడిపట్టు అంటే మీరు కట్టుకునే మెత్తటి పట్టు కాదు. పురుగు తన నోటి జిగురుతో సహా వదిలిన దారం అది. గరుకుగా, బిరుసుగా ఉంటుంది. జిగురున్నంతసేపు దానికి రంగు ఎక్కదు, ఎక్కినా పైపైనే నిలిచి రెండు ఉతుకులకు పోతుంది. అందుకని గుండిగలో నీళ్ళు కాచి, బారు సబ్బును కత్తిపీటతో పల్చగా తరిగి వేసి, పిడికెడు సోడా చల్లి, అందులో పట్టు చిలపలను, అంటే దారపు చుట్టలను, కర్రకు వేలాడదీసి తిప్పుతారు. నురగ పొంగుతుంది. ఆ నురగలోకి జిగురంతా దిగిపోతుంది. ఇంతే పని, కానీ కాస్త తక్కువైతే రంగు పట్టదు, కాస్త ఎక్కువైతే దారం చివికిపోతుంది. పెద్దమ్మ చెయ్యి తప్పిందని అన్నవాళ్ళు లేరు. చిలపను బయటకు తీసి, ఒక్క పోగును బొటనవేలికి చూపుడువేలికి మధ్య రాసి, కళ్ళు మూసుకుని "ఇంకున్నది" అనేది. మళ్ళీ ముంచేది. మళ్ళీ రాసి, "అయింది" అనేది.

ఒకరోజు పొద్దున్నే ఇంకా ముఖం కడుక్కోకముందు గోటితో తన ముందుపన్ను గీకి, ఆ వచ్చినదాన్ని అవే రెండు వేళ్ళ మధ్య రాసి చూసుకుందట. పచ్చి పట్టు తడిపితే ఎలా జారుతుందో అలాగే జారిందట. అప్పటి నుంచి ఆమెకు తిరుగులేని జ్ఞానం కలిగింది. "గదే ఇది. వేరే ఏంగాదు. పురుగు నోట్లది పట్టుకు అంటుకున్నది, మన నోట్లది పంటికి అంటుకున్నది. దానికి సబ్బైతే దీనికి గూడ సబ్బే."

ఇలా తేల్చుకుని ఊరుకునే మనిషి కాదు. పట్టు కోసం తరిగిన సబ్బులో ఒక ముక్క పక్కన పెట్టి, వేలితో నలిపి, పళ్ళూ చిగుళ్ళూ రుద్దుకునేది. పొద్దున ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి. ఆ నురగ నోట్లో ఉండగానే ఎవరో ఒకరిని కేకేయాల్సిన అవసరం వచ్చేది. మాటతో పాటు బుడగలు వచ్చేవి. పిల్లలు చూడ్డానికి గోడ దగ్గర చేరేవాళ్ళు.

నవ్విన వాళ్ళకు ఆమె దగ్గర జవాబుంది. మా వాడలో ఆడవాళ్ళంతా చిటికి కడతారు. రంగు అంటకూడని చోట దారాలను సైకిల్ ట్యూబు రబ్బరు పీలికలతో బిగించి కట్టడమే చిటికి. పీలిక ఒక కొన పళ్ళతో పట్టుకుని, రెండో కొనను చేత్తో చుట్టి ముడి వేస్తారు. రబ్బరు, రంగు, దుమ్ము అన్నీ నోట్లోకే. "మనకు పండ్లంటె మూడో చెయ్యి. చేతులు కడుగుతరు గని నోరు కడగరా?" అనేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఒక సెలవుకు మా ఇద్దరు పిల్లలను ఆమె దగ్గర దించి వచ్చాను. తిరిగి వెళ్ళేసరికి పెద్దవాడు గొడ్లపాకలో దాక్కుని ఉన్నాడు. చిన్నదాన్ని పెద్దమ్మ గదవ పట్టుకుని "నోరు తెరువు" అంటోంది. అది పళ్ళు బిగించుకుని తల అడ్డంగా ఊపుతోంది. మా ఆవిడకు ఒళ్ళు మండింది.

"పిల్లలా, బట్టలా పెద్దత్తా?" అంది.

"బట్టలే నయం. ఉతుకుతుంటె ఉరుకవు" అంది పెద్దమ్మ.

మా నాయిన వెనక నుంచి, "నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. ఈమె నోరు రోజు రెండుపూటలు సబ్బుతోని కడుగుతది, అయినా ఊరంత తగాదలే" అన్నాడు. అందరం నవ్వాం. అందరికంటే ఎక్కువ నవ్వింది పెద్దమ్మ కూతురు, మా చెల్లె.

చెల్లె గురించి చెప్పకుండా ఎంతసేపు తప్పించుకుంటాను? ఆమె చిన్నతనంలోనే పెద్దనాయిన పోవడంతో తల్లీకూతుళ్ళు ఒకరికొకరుగా బతికారు. చెల్లె నార్కట్‌పల్లిలో డిగ్రీ చదువుతూ ఇంటి దగ్గర గళ్ళ కాగితం మీద చీరల డిజైన్లు గీసేది. మాటకారి. "మా అమ్మకు పట్టైనా పిల్లలైనా ఒకటే అన్నా, రెండింటిని ఉడుకవెడ్తది" అనేది. మెట్లెక్కేటప్పుడు సగంలో ఆగి ఫోన్ తీసి చూసుకునేది. ఈకాలం పిల్లలకు అదో జబ్బు అనుకునేవాళ్ళం. ఆయాసం కనబడకుండా ఉండేందుకు అలా ఆగుతోందని చాలాకాలం మాకు తెలియలేదు.

చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, తర్వాత కీళ్ళు వాచి, అదే తగ్గిపోయిందనుకున్న జ్వరం లోపల గుండె వాల్వును తినేసి పోయింది. హైదరాబాదులో పెద్ద దవాఖానకు నేనే తీసుకెళ్ళాను. వాల్వు మార్చాలి, సర్కారు కార్డు మీద అయిపోతుంది, భయం లేదన్నాడు గుండె డాక్టరు. మంచి మనిషి. కాగితం మీద గుండె బొమ్మ గీసి ఓపిగ్గా చెప్పాడు.

"ఆపరేషన్‌కు ముందు పళ్ళు చూపించి రావాలి. నోట్లో ఉండే క్రిములు చిగుళ్ళ నుంచి రక్తంలోకి వెళ్ళి, పాడైన వాల్వు మీద కూర్చుంటాయి. కూర్చుంటే చాలా కష్టమమ్మా. నోరు శుభ్రంగా ఉండాలి."

పెద్దమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "అవి యాడుంటయి సారూ? పంటి మీద జిగురుంటది సూడుండ్రి, గందులనేనా?"

"అవునమ్మా, ఆ పాచిలోనే ఉంటాయి. కరెక్టుగా చెప్పారు."

ఆయన తప్పేమీ చెప్పలేదు. ఎవరిని అడిగినా అదే చెబుతారు. కానీ ఆ మాట విన్నాక పెద్దమ్మ ముఖం నేను చూశాను. ఇన్నేళ్ళు ఊరంతా నవ్విన మాటను అంత పెద్ద డాక్టరు కరెక్టు అన్నాడు. పైగా మిగతా పనంతా ఆయన చేతిలోది, ఈ ఒక్క పని మాత్రం తనది. బిడ్డ ప్రాణానికి తాను చేయగలిగింది ఒకటి దొరికింది. బస్సులో వచ్చేటప్పుడు చెల్లె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. పెద్దమ్మ దారి పొడుగునా నిటారుగా కూర్చుంది.

పళ్ళ డాక్టరు పుచ్చిన పన్ను ఒకటి తీసి, మెత్తటి బ్రష్షూ పుక్కిలించే మందూ ఇచ్చాడు. పెద్దమ్మ ఆ మందును అరచేతిలో పోసుకుని, వాసన చూసి, నాలుకకు తాకించి, రెండు చేతులతో రుద్దింది. చిన్నగా నురగ వచ్చింది.

"సూసినవా? సబ్బునీళ్ళే. జర రంగేసిండ్రు, జర తీపేసిండ్రు. నీళ్ళు శానా కలిపిండ్రు గని" అంది.

దవాఖానలో ఆపరేషన్‌కు వంతు రావాలి. ఇవ్వాళ, రేపు అంటూ జరుగుతూ పోయింది. మధ్యలో ఒకసారి వెళ్ళాను. చెల్లె అరుగు మీద కూర్చుని నోట్లో సబ్బు నురగ పట్టుకుని ఉంది. పెద్దమ్మ పక్కన చెంబు పట్టుకుని నిలబడింది. ఉమ్మాక చెల్లె నన్ను చూసి నవ్వింది.

"ఇప్పుడు నాకు అన్నం, చాయ్, పప్పు అన్ని ఒకటే రుచి అన్నా. బారు సబ్బు రుచి."

"గా మందు అయిపోయిందా?" అని అడిగాను పెద్దమ్మను.

"ఉన్నది. అదీ పోస్తున్న. అది పైపైకి. ఇది లోపటికి."

బ్రష్షుతో నెమ్మదిగా తోముకోమన్నాడు కదా డాక్టరు అన్నాను. నెమ్మదిగానే అంది. ఆమె చేతుల్లో పట్టు దారం ఒక్కటి కూడా చివికిపోదు, బిడ్డ నోరు చివికిపోతుందని ఎవరికి తోస్తుంది? అంతా బాగానే ఉందనుకుని వచ్చేశాను.

ఆ తర్వాత కొన్ని రోజులకు ఫోన్ వచ్చింది. చెల్లెకు జ్వరం వదలడం లేదు, చలి పుట్టి వణుకుతోంది, ఊళ్ళో డాక్టరు ఇచ్చిన గోళీలకు తగ్గి మళ్ళీ వస్తోంది. కారు మాట్లాడుకుని హైదరాబాదు తీసుకెళ్ళాం. కారులో పెద్దమ్మ చెల్లె తలను ఒళ్ళో పెట్టుకుని, "ఆపరేషన్ దినం దగ్గరికొచ్చినంక గిట్ల జ్వరమేంది" అని తనలో తాను అనుకుంటూనే ఉంది.

గుండె డాక్టరు స్టెతస్కోప్ పెట్టి చూశాడు. గోళ్ళు చూశాడు. తర్వాత టార్చి తీసి నోరు చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. నేనూ వంగి చూశాను. చిగుళ్ళ మీద తోలు తెల్లగా పొరలు పొరలుగా లేచి ఉంది. దాని కింద ఎర్రగా, పచ్చిగా, అక్కడక్కడా నెత్తురు.

"ఏమి వాడారమ్మా నోటికి?" అని అడిగాడు.

పెద్దమ్మ దాచలేదు. దాచాల్సింది ఏమీ లేదని ఆమె నమ్మకం. కొంచెం గర్వంగానే చెప్పిందని ఇవ్వాళ నాకు అనిపిస్తుంది.

"సబ్బు సారూ. ఉట్టి సబ్బుకు జిగురు సగమే ఊడుతది. అందుకని ఓ చిటికెడు సోడా ఏసిన. ఎక్కువ గాదు. పట్టుకేసే దాంట్ల నూరో వంతు గూడ గాదు. ఊడుతాంది సారూ, తెల్లగ పొరలు పొరలు లేస్తాంది సూడుండ్రి."

"ఏ సోడా?"

"బట్టల సోడా."

డాక్టరు టార్చి ఆర్పేశాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. కుర్చీ దగ్గరికి లాక్కుని పెద్దమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"అది జిగురు కాదమ్మా. పాప నోటి తోలు. సోడాకు కాలి ఊడుతోంది."

పెద్దమ్మకు ఆయన మాట అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమవుతున్న కొద్దీ ఆమె కుడిచేతి బొటనవేలు చూపుడువేలు ఒకదానికొకటి రాసుకుంటూ ఉన్నాయి. తనకు తెలియకుండానే జిగురు పోయిందో లేదో చూస్తున్నట్టు రాస్తూనే ఉంది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

"గా పురుగులు... గా పుండ్లకెల్లి లోపటికి పోయినయా సారూ?"

"పోయి ఉండొచ్చు. పుండున్నచోట తేలిగ్గా పోతాయి. కానీ తీసేసిన పుచ్చుపన్ను నుంచి ముందే పోయి ఉండొచ్చు కూడా. మామూలుగా తోముకున్నా ఒక్కోసారి పోతాయి. ఇందువల్లే అని నేను చెప్పలేను."

"కాదని గూడ చెప్తలేరు గద సారూ."

ఆయన తల వంచుకుని మందులు రాయడం మొదలుపెట్టాడు.

క్రిములు వాల్వు మీద కూర్చున్నాయని పరీక్షలో తేలింది. సూదిమందులు ఎక్కించారు, ఎక్కిస్తూనే పోయారు. జ్వరం తగ్గితే ఆపరేషన్ చేద్దామన్నారు. తగ్గలేదు. చెల్లె నోరు మాత్రం మానింది. దాని కన్నా వెక్కిరింత ఇంకొకటి ఉంటుందా? చిగుళ్ళు మళ్ళీ గులాబిరంగులోకి వచ్చిన వారంలోనే, వాల్వు మీద క్రిములు కట్టిన గడ్డ ఊడి మెదడుకు పోయి, ఒకపక్క చెయ్యీ కాలూ పడిపోయాయి. తర్వాత ఎక్కువ రోజులు లేదు. ఆ రోజు గురించి రాయడం నాకు చేతకాదు, రాయను.

ఇంటికి తెచ్చాక ఒక్కటి మాత్రం చూశాను. అందరూ ఏడుస్తున్నారు. పెద్దమ్మ వాకిట్లో గుండిగను బోర్లించి, దాని మీద కూర్చుని ఉంది. ఎవరు పలకరించినా "మంచిగ మానింది నోరు" అంటోంది.

ఆ తర్వాత పట్టు ఉడకబెట్టడం మానేసింది. షావుకార్లు వచ్చి బతిమాలారు. ఇక ఆ నురగ చూడలేనని చెప్పింది. పంటికి సబ్బు కాదు కదా, పేస్టు కూడా పెట్టలేదు. వేపపుల్ల ముట్టలేదు. పొద్దున లేచి నీళ్ళతో ముఖం మాత్రం కడుక్కునేది. ఒకరి నోటి వంక చూడటం కూడా మానేసింది. మాట్లాడితే ఎదుటివాళ్ళ భుజం వైపు చూస్తూ మాట్లాడేది. పిల్లలు ఇక ఆమెను చూసి పారిపోవాల్సిన పని లేకపోయింది.

కరోనా వచ్చినప్పుడు కోర్టు మూతపడి, నా షాపూ మూతపడి, మేమంతా ఊళ్ళోనే ఉన్నాం. రోజంతా టీవీలో ఒకటే మాట. సబ్బుతో కడగండి, సబ్బు పురుగు చుట్టూ ఉన్న పొరను చీల్చేస్తుంది. ఒకనాడు మధ్యాహ్నం అరుగు మీద ఆడవాళ్ళు దూరదూరంగా కూర్చుని చిటికి కడుతున్నారు. ఎదురింటావిడ మంచి మనసుతోనే అంది.

"నువ్వు గప్పుడే చెప్పినవు గదా వదినా. నీ మాటే ఇయ్యాల టీవీలల్ల చెప్తుండ్రు. గప్పుడు మేమే నవ్వినం."

పెద్దమ్మ నోట్లో రబ్బరు పీలిక ఉంది. దాన్ని అలాగే పళ్ళ మధ్య పెట్టుకుని లేచి లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. నేను సాయంత్రం వెళ్ళి తలుపు తోస్తే, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పీలిక ఇంకా నోట్లోనే ఉంది. చిన్నపిల్ల చేతిలోంచి తీసినట్టు మెల్లగా లాగితే వదిలింది.

పళ్ళు ఒకటొకటి కదలడం మొదలైంది. చిగుళ్ళు వాచి చీము పట్టేవి. పళ్ళు పోతే చిటికి ముడి బిగియదు, ఆ పనీ పోతుంది. డాక్టరు దగ్గరికి పోదామని చాలాసార్లు అడిగాను. ఒకసారి కోపం వచ్చి అరిచాను కూడా.

"నీ నోట్ల గింత చీము పెట్టుకొని ఏం సాధిస్తవు పెద్దమ్మా?"

ఆమె నా భుజం వైపు చూస్తూ, ఏ కోపమూ లేకుండా అంది. "ఉండనీ బిడ్డా. నా నోట్ల పురుగులు నా గుండెకే పోనీ. దారి తెలుసు గద వాటికి."

అవి మాత్రం పోలేదు. ఆమె గుండె రాయి. చివరి దాకా కొట్టుకుంది. ముందుపళ్ళు పోయి చిటికి మానేసి, వాకిట్లో ఊరికే కూర్చునే దశ వచ్చాక, పోయిన ఎండాకాలం చివర్లో పక్షవాతం వచ్చింది. నల్గొండ దవాఖానలో చేర్పించాను. అది నా షాపుకు దగ్గరే కాబట్టి పొద్దున, మధ్యాహ్నం నేనే వెళ్ళేవాణ్ణి. ముక్కులోంచి కడుపులోకి అన్నం గొట్టం వేశారు. నోటితో తినని మనిషికి నోరు ఇంకా తొందరగా పాడవుతుందట, ఆ క్రిములు ఊపిరితిత్తుల్లోకి జారుతాయట. అందుకని నర్సు రోజూ దూది చుట్టిన పుల్లను మందులో ముంచి నోరు తుడవాలి. చుట్టుపక్కల మంచాల వాళ్ళందరికీ తుడిచేది. పెద్దమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. పడిపోకుండా మిగిలిన సగం ముఖంతోనే ఆమె పెదవులు బిగించేది. మిగిలిన సగం పళ్ళతోనే బిగించేది.

"మీరన్నా చెప్పుండ్రి సార్" అంది నర్సు ఒకరోజు నాతో. "ఊపిరితిత్తులకు నెమ్ము దిగితె మాది బాధ్యత గాదు."

నేను మంచం మీద కూర్చుని, ఆమె మంచి చెయ్యి పట్టుకున్నాను. అన్నేళ్ళుగా ఎవరూ ఆమె ముందు ఎత్తని మాటను ఎత్తాను. "నువ్వు కావాల్నని చేసినవా పెద్దమ్మా? డాక్టరే చెప్పిండు గద, దానివల్లే అని ఎవ్వరు చెప్పలేరని. చెల్లెకు బలవంతంగ రుద్దిన అని నిన్ను నువ్వు ఎన్నేండ్లు తింటవు?"

పెద్దమ్మ చాలాకాలం తర్వాత నా ముఖం వైపు చూసింది. మాట ముద్దముద్దగా వచ్చేది, నాకు అలవాటైంది కాబట్టి అర్థమయ్యేది. ఒక్కో మాటకు ఆగుతూ చెప్పింది.

"బలవంతమా... అందరు గట్లనే అనుకుంటున్నరా? గట్లయితె బాగుండు కొడుకా. నెత్తురు జూసి నేనే బుగులు వడ్డ. ఇగ వద్దు బిడ్డా, రెండు దినాలు ఆగుదాం అన్న. మర్నాడు పొద్దుగాల ఆమెనే సబ్బుసోడా గిన్నె తెచ్చి నా ముంగట పెట్టుకొని కూసున్నది. నాకు బతుకాల్నని ఉన్నదే అమ్మా, ఆపకు, జర మండుతె మండనీ అన్నది. నోరు తెరిచి కూసున్నది."

నర్సు పుల్ల పట్టుకుని ఇంకా నిలబడే ఉంది. వద్దని చేత్తో సైగ చేశాను. ఆమె గిన్నె తీసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళింది.